మెరీనా బేలో ఉన్నవి మంచినీళ్లు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నాకిచ్చిన అంశం "తొలిచూపులో సింగపూర్". ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ ఊరు వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. పిల్లలు అక్కడే ఉద్యోగాలు చేస్తున్నవాళ్లూ ఉంటారు. కాబట్టి యూనివర్సల్ స్టూడియోస్ ఎలా ఉంది, నైట్ సఫారీలో ఏమేం కనిపించాయి అన్న జోలికి నేను పోను. ఆ ఫొటోలు మీ ఫోన్లలోనే ఉన్నాయి.

తొలిచూపు అంటే మామూలుగా అనుకోకుండా కంటపడ్డది. సింగపూర్‌లో మాత్రం తొలిచూపు ఒక ప్రభుత్వ కార్యక్రమం. వెటకారానికి అనడం లేదు. ఆ దేశపు మొదటి ప్రధాని లీ క్వాన్ యూ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి దాపరికం లేకుండా రాసుకున్నారు. పెట్టుబడి పెట్టాలా వద్దా అని తేల్చుకునే ముందు విదేశీ కంపెనీల పెద్దలు ఆయన్ని కలవడానికి వచ్చేవారట. విమానాశ్రయం నుంచి హోటల్‌కీ, అక్కడి నుంచి తన ఆఫీసున్న ఇస్తానా భవనానికీ వచ్చే దారంతా శుభ్రంగా, చెట్లతో, పూలపొదలతో ఉండాలని ఆయన పట్టుబట్టారు. ఇస్తానా గేటు దాటగానే నగరం నడిబొడ్డున ఎకరాలకెకరాల పచ్చిక. దాన్ని అంత నున్నగా ఉంచగలిగినవాళ్లు ఫ్యాక్టరీని కూడా సరిగ్గానే నడుపుతారని, ఎవరూ నోరు విప్పి చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోతుందని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఆ పెద్దలకోసం వేసిన పచ్చదనమే ఇవాళ మనలాంటి టూరిస్టులకు కూడా కనిపిస్తుంది. చాంగీ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వచ్చే ఈస్ట్ కోస్ట్ పార్క్‌వే మీద రెండు వైపులా నిద్రగన్నేరు చెట్లు, కొమ్మలు రోడ్డు మీదికి వాలి ఉంటాయి. ట్యాక్సీలో మాట పడిపోతుంది. నా పక్కనున్నాయన "ఇది రోడ్డా, తోటా?" అన్నాడు. ఆ రోడ్డున్న నేల 1960ల దాకా సముద్రం. ఆ సంగతి ఆయనకు ట్యాక్సీ డ్రైవర్ చెప్పాడు.

సరే, ఆ ఊరి మెరుపు గురించి మాట్లాడకుండా ముందుకు పోతే మీరు ఊరుకోరు. విమానాశ్రయంలోనే మొదలవుతుంది. 2019లో తెరిచిన జ్యువెల్ అనే అద్దాల గోపురంలో 40 మీటర్ల ఎత్తు నుంచి జలపాతం పడుతుంటుంది. ఇంటి కప్పు కింద పడే జలపాతాల్లో ప్రపంచంలో అంతకంటే ఎత్తైనది లేదు. సామాన్ల ట్రాలీలు వదిలేసి జనం దాని ముందు ఫొటోలు దిగుతుంటారు. అందులో పడేది చాలావరకు కప్పు మీద పట్టిన వాన నీళ్లే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇక మెరీనా బే. చీకటి పడ్డాక ఆ ఒడ్డున నిలబడితే కళ్లు జిగేల్మనడం అనే మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఎదురుగా మూడు టవర్లు, ఒక్కొక్కటీ 55 అంతస్తులు, ఆ మూడింటి నెత్తిన పడవ ఆకారంలో ఒక తోట, అందులో ఈతకొలను. 2010లో తెరిచిన మెరీనా బే శాండ్స్ అది. జ్యువెల్‌ని డిజైన్ చేసిన మోషే సాఫ్డీయే దాన్నీ డిజైన్ చేశాడు. పక్కనే గార్డెన్స్ బై ద బేలో 25 నుంచి 50 మీటర్ల దాకా ఎత్తున్న ఉక్కు చెట్లు, వాటి ఒంటి నిండా నిజం మొక్కలు. ఇటు బ్యాంకుల భవనాలు. మధ్యలో నల్లగా నిశ్చలంగా నీళ్లు, వాటి మీద ఈ దీపాలన్నీ రెండోసారి. సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ బొమ్మ నోట్లోంచి నీళ్లు చిమ్ముతుంటుంది. అన్నట్టు, ఆ మెర్లయన్ పురాణాల్లోంచి వచ్చిందేమోనని చాలామంది అనుకుంటారు. 1964లో టూరిజం బోర్డు వేయించుకున్న గుర్తు అది. సొంత పురాణం లేకపోతే ఆఫీసులో కూర్చుని తయారు చేసుకున్నారు. నాకెందుకో అది నచ్చింది.

ఇంత చూశాక మన నోట వచ్చే మాట ఏమిటి? "డబ్బుంది, కట్టుకున్నారు." లేదా కాస్త అసూయగా, "పైన పటారం, లోన లొటారం." ఈ రెండూ ఆ ఊరికి అతకవని చెప్పడానికే నేనిక్కడ నిలబడ్డాను. ఆ మెరుపులో ఏ ముక్కని పట్టుకుని ఇదెందుకు కట్టారని అడిగినా, జవాబు ఏదో ఒక కొరత దగ్గర తేలుతుంది. నేల లేదు, నీళ్లు లేవు, గాలి చల్లగా లేదు, మనుషులు చాలరు. మనకు ఉన్నవాడి దర్జాగా కనిపించేది నిజానికి లేనివాడి జాగ్రత్త.

నేల సంగతి చూద్దాం. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయి సొంత దేశమైనప్పుడు సింగపూర్ విస్తీర్ణం దాదాపు 580 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 730 దాటింది. పెరిగిందంతా సముద్రాన్ని పూడ్చి సంపాదించిందే. మెరీనా బే చుట్టూ మీరు ఫొటో దిగే నేలంతా ఆ బాపతే. బీచ్ రోడ్ అని ఒక వీధి ఉంది, అక్కడ బీచ్ లేదు, ఎప్పుడో దూరం జరిగిపోయింది. నాకు దీన్ని బాగా చూపించింది టెలోక్ ఆయర్ వీధిలోని థియాన్ హాక్ కెంగ్ గుడి. 1840ల మొదట్లో పూర్తయిన చైనీయుల గుడి. లోపలున్నది మాజు, సముద్రం మీద కాపాడే తల్లి. దక్షిణ చైనా నుంచి ఓడల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు ఒడ్డున దిగగానే ఎదురుగా ఉన్న ఈ తల్లికి దణ్ణం పెట్టుకునేవారు. ఇప్పుడు గుడి మెట్ల మీద నిలబడి చూస్తే ఆఫీసు భవనాలు తప్ప సముద్రం జాడే లేదు. మధ్యాహ్నం భోజనానికి బయల్దేరిన బ్యాంకు ఉద్యోగులు మెడలో ఐడీ కార్డులతో ఆ తల్లి ముందునుంచి పోతుంటారు. పూడ్చడానికి ఇసుక కావాలి కదా, అది ఇరుగుపొరుగు దేశాల నుంచి కొన్నారు. మలేసియా 1997లో, ఇండోనేసియా 2007లో ఇసుక ఎగుమతి ఆపేశాయి. నేలను దిగుమతి చేసుకోవాల్సి వస్తే పొరుగువాడి మూడ్ మీద బతకాలి మరి.

నీళ్ల కథ ఇంకా పెద్దది, నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకుంది కూడా అదే. మెరీనా బేలో దీపాలు ప్రతిఫలించే ఆ నీళ్లు సముద్రపు నీళ్లని నా చుట్టూ ఉన్నవాళ్లంతా అనుకుంటున్నారు. అవి మంచినీళ్లు. ఆ ఊరి తాగునీటి రిజర్వాయర్ అది. 2008లో ఆ నీళ్లు సముద్రంలో కలిసేచోట 350 మీటర్ల బ్యారేజీ కట్టి, తొమ్మిది ఉక్కు గేట్లు పెట్టి, ఉప్పునీటిని బయటికి నెట్టేశారు. వానలు కురిసి కురిసి ఉప్పు విరిగి, రెండేళ్లకు మంచినీళ్లయ్యాయి. దేశంలో ఆరో వంతు నేల మీద పడ్డ వాన అక్కడికే చేరుతుంది. పెద్ద వాన పడ్డప్పుడు సముద్రం పోటు మీద ఉంటే గేట్లు తెరవలేరు కాబట్టి, భారీ పంపులతో నీళ్లు బయటికి తోడేస్తారు. లేకపోతే చైనాటౌన్ పల్లం మునుగుతుంది. అంటే ఆ ఫొటోలోని అందమైన నీరు ఒక చెరువు, వరద కాలువ, టూరిస్టు స్థలం, మూడూ ఒకటే.

అలా చేయాలంటే అందులోకి వచ్చే నదులు శుభ్రంగా ఉండాలి. సింగపూర్ నది ఒకప్పుడు ముక్కు మూసుకుంటే గానీ దాటలేని మురుగు. పందుల పెంపకాలు, బాతుల పెంపకాలు, ఒడ్డున గుడిసెలు, సరుకు దింపే పడవలు, వీధిలో వంట చేసేవాళ్లు పారబోసే ఎంగిలి, అన్నీ అందులోకే. 1977లో పదేళ్లలో దీన్ని బాగుచేయాలని ప్రధాని గడువు పెట్టారు. 1987కల్లా అయింది. వేల కుటుంబాలను తరలించారు, పందుల పెంపకమే దేశంలో లేకుండా పోయింది. ఒడ్డున ఇప్పుడు బీరు గ్లాసుల గలగలలు వినిపించే చోట ఆ కాలంలో కూలీలు బియ్యం బస్తాలు మోసేవాళ్లు.

ఇంత తాపత్రయం ఎందుకో తెలియాలంటే ఉత్తరానికి, మలేసియాకు సముద్రం మీదుగా పోయే కాజ్‌వే రోడ్డు దాకా వెళ్లాలి. బస్సులో దాని మీద పోతుంటే రోడ్డు పక్కనే లావుపాటి పైపులు కనిపిస్తాయి. మలేసియాలోని జొహోర్ రాష్ట్రం నుంచి నీళ్లు తెచ్చేవి ఆ పైపులే. 1962లో రాసుకున్న ఒప్పందం ప్రకారం రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తీసుకోవచ్చు. శుద్ధి చేయని ఆ నీటికి ఇచ్చే ధర వెయ్యి గ్యాలన్లకు 3 మలేసియా సెన్‌లు. ఆ ఒప్పందం 2061తో అయిపోతుంది. 1942లో జపాన్ సైన్యం దిగివస్తుంటే బ్రిటిష్‌వాళ్లు ఆ కాజ్‌వేని పేల్చేశారు, దానితోపాటు పైపూ తెగింది. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోవడానికి ఊళ్లో నీళ్లు అడుగంటడం కూడా ఒక కారణం. ఆ రోజులు కళ్లారా చూసిన తరమే తర్వాత దేశాన్ని నడిపింది. వాళ్లకు కుళాయి తిప్పిన ప్రతిసారీ టెన్షనే ఉండి ఉంటుంది.

ఆ టెన్షన్‌లోంచే న్యూవాటర్ వచ్చింది. ఇళ్లలో వాడేసిన మురుగునీటిని సన్నని పొరల గుండా వడగట్టి, రివర్స్ ఆస్మోసిస్ చేసి, అల్ట్రావయొలెట్ కాంతిలో శుద్ధి చేసిన నీరు అది. దాన్ని జనం తాగుతారా? 2002 జాతీయ దినోత్సవం రోజున పరేడ్‌కు వచ్చిన 60 వేల మంది చేత సీసాలు ఎత్తించి తాగించారు, ప్రధానితో సహా. పెద్దలు ముందు తాగి చూపిస్తే తర్వాత ఎవరూ ముక్కు చిట్లించరు. ఇప్పుడు ఆ నీరు ఎక్కువగా పోయేది కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలకు. వానలు తగ్గిన నెలల్లో కొంత రిజర్వాయర్లలో కలుపుతారు. నేను కూడా తాగే ఉంటాను. రుచిలో తేడా ఏమీ తెలియలేదు.

చల్లదనం గురించి క్లుప్తంగా చెప్తాను. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేని ఊరు. పగలూ రాత్రీ ఏడాది పొడవునా దాదాపు సమానం, ఉక్కపోత కూడా ఏడాది పొడవునా ఉంటుంది. విమానాశ్రయం తలుపు దాటగానే కళ్లద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. తమ దేశం బాగుపడటానికి ఎయిర్ కండిషనర్ ఎంత కారణమో లీ క్వాన్ యూ చాలాసార్లు చెప్పారు. మెరీనా బే కింద భూగర్భంలో చల్లటి నీళ్లు తయారుచేసి పైపుల ద్వారా చుట్టుపక్కల చాలా భవనాలకు పంపే ఏర్పాటుంది. పైన నడుస్తున్న మనకు ఆ సంగతి తెలియదు. చలి మాత్రం మాల్స్‌లో ఎముకల దాకా తెలుస్తుంది. స్వెట్టర్ పట్టుకెళ్లండి, నవ్వకండి, నిజమే చెప్తున్నాను.

తర్వాత రైలు. ఎంఆర్‌టీ అనే అక్కడి మెట్రో రైలు 1987 నవంబర్‌లో మొదలైంది. బోర్డుల మీద ఇంగ్లిష్, చైనీస్, మలయ్, తమిళం. తమిళం అక్షరాలు కనిపించగానే చదవడం రాకపోయినా ఏదో ధైర్యం వస్తుంది, చుట్టాల ఇంటి పక్కవాళ్లు కనిపించినట్టు. ఎస్కలేటర్ మీద ఎడమ పక్క నిలబడాలి, కుడి పక్క తొందరలో ఉన్నవాళ్లకు. ఎవరూ చెప్పరు, కానీ కుడి పక్క నిలబడి చూడండి, వీపు మీద చూపులు తెలుస్తాయి. బోగీలో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా. దురియన్ పండు తేవద్దని బొమ్మ గీసి మరీ పెట్టారు, దానికి మాత్రం జరిమానా మొత్తం రాయలేదు. రాయకపోయినా ఎవరూ తేరు, ఆ వాసన అలాంటిది. చూయింగ్ గమ్ అమ్మకాన్ని 1992లో నిషేధించారు, వైద్యానికి పనికొచ్చే రకాలను 2004లో అనుమతించారు. ఈ జరిమానాల మీద జోకులు వేసిన టీషర్టులు అక్కడే అమ్ముతారు.

కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు కొనాలి. 1990 నుంచి ఉన్న పద్ధతి. వేలంలో పాడుకోవాలి, పదేళ్లకే చెల్లుతుంది. 2023లో పెద్ద కార్ల హక్కు లక్షన్నర సింగపూర్ డాలర్లకు చేరింది. కారు ధర వేరే. రోడ్లు ఖాళీగా, ప్రశాంతంగా ఉన్నాయని మురిసిపోయే ముందు ఈ సంగతి తెలియాలి. అది జనం మంచితనం ఒక్కటే కాదు, ఖరీదు కూడా.

కొరతల లెక్కలు కాసేపు పక్కన పెట్టి తిండి దగ్గరికి వద్దాం. మెరీనా బేలో భోజనం చేస్తే జేబు ఖాళీ. ఊరివాళ్లు తినేది హాకర్ సెంటర్లలో. వీధుల్లో బండ్ల మీద వండేవాళ్లందర్నీ 1970ల నుంచి 1980ల మధ్య దాకా కుళాయి, డ్రైనేజీ ఉన్న పెద్ద షెడ్ల కిందికి మార్చారు. మళ్లీ నదిని బాగుచేసే కథే. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడ ఏసీ లేదు, నెత్తి మీద ఫ్యాన్లే. టేబుల్ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, దాని మీద ఒక చిన్న టిష్యూ పేపర్ ప్యాకెట్ ఉంటుంది. అంటే ఎవరో రిజర్వ్ చేసుకుని తెచ్చుకోవడానికి వెళ్లారు. ఫోనో గొడుగో కూడా అలాగే వదిలి వెళ్తారు, ఎవరూ ముట్టుకోరు. నేను చాలాసేపు ఒక ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను, దాని యజమాని నింపాదిగా రెండు ప్లేట్లతో వచ్చాడు.

కాఫీ కొట్టు దగ్గర భాషే వేరు. కోపి అంటే చిక్కటి తీపి పాలతో, కోపి-ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో, కోపి-సి అంటే మరగబెట్టి చిక్కబరిచిన పాలతో. కొసోంగ్ అంటే చక్కెర వద్దని, సియు దై అంటే తగ్గించమని, పెంగ్ అంటే ఐసు వేయమని. చైనా యాసలూ మలయ్ భాషా కలిసిపోయాయి. పొడుగాటి గుడ్డ సంచిలో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, పైనుంచి కిందికి తిరగబోస్తాడు. నా ముందున్న ముసలావిడ మూడు మాటల్లో ఆర్డర్ చెప్పేసింది. నేను వాక్యం పూర్తిచేసేలోగా కొట్టతను నా కప్పు నా చేతిలో పెట్టాడు, నేను అడగాలనుకున్నదే. డాలరున్నర చుట్టుపక్కల. పెద్దవాళ్లను అక్కడా అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, చైనావాళ్లయినా మలయ్‌లైనా. ఆ పిలుపుతో సగం పరాయితనం పోతుంది. అయితే ఆ టేబుళ్లు తుడిచే అంకుళ్లూ ఆంటీలూ చాలామంది డెబ్బై దాటినవాళ్లలా కనిపిస్తారు. వంగిన నడుములతో తట్టలు పేర్చుకుంటూ పోతుంటారు. ఖాళీగా ఉండలేక పనిచేస్తున్నారని ఒకరు నాతో అన్నారు. గడవక పనిచేస్తున్నారని ఇంకొకరు అన్నారు. రెండూ నిజమే అయి ఉండొచ్చు, కానీ మొదటి జవాబు వినడానికి మరీ హాయిగా ఉంటుంది, అందుకే నాకు దానిమీద అనుమానం.

టూరిస్టు బస్సులు పోని చోటికి, తోవా పాయోకి, రైల్లో వెళ్లాను. అక్కడ మెరుపు లేదు. వరసగా ప్రభుత్వ అపార్ట్‌మెంట్లు, గోడల మీద పెద్ద పెద్ద నంబర్లు, కిటికీల్లోంచి బయటికి చాపిన వెదురు కర్రల మీద ఆరేసిన బట్టలు. నా దృష్టిలో సింగపూర్ చేసిన అసలు గొప్ప పని ఇదే. గృహనిర్మాణ బోర్డు 1960లో పుట్టింది. మరుసటి ఏడాది మేలో బుకిత్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడి సుమారు 16 వేల మంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. అప్పుడు మొదలైన హడావుడి నిర్మాణం ఆగలేదు. ఇవాళ ఆ దేశవాసుల్లో 80 శాతానికి దగ్గరగా ఈ ప్రభుత్వ ఫ్లాట్లలోనే ఉంటారు, ఎక్కువమంది సొంతంగా కొనుక్కుని. సొంతం అంటే 99 ఏళ్ల లీజు. మనలాగా "మనవలకు ఇల్లు మిగిల్చాను" అని చెప్పుకోవడం కాస్త కష్టం.

ఈ భవనాల కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు. పెద్దవాళ్లు చదరంగం ఆడుకుంటుంటారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. అక్కడే ఒకరోజు మలయ్‌ల పెళ్లి, ఇంకోరోజు చైనావాళ్ల చావు తంతు. 1989 నుంచి ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండవచ్చో కోటా పెట్టారు. చైనీయులు చైనీయులకే, మలయ్‌లు మలయ్‌లకే అమ్ముకుంటూ పోతే పేటలు విడిపోతాయని భయం. 1964లో ఆ ఊళ్లో జాతుల మధ్య అల్లర్లు జరిగి మనుషులు చచ్చారు, ఆ భయం ఊరికే పుట్టలేదు. పక్కింట్లో ఎవరుండాలో ప్రభుత్వం లెక్కపెట్టడం నాకు మొదట మింగుడుపడలేదు. కోటా నిండిపోతే అమ్ముకోవడానికి కొనేవాళ్లు దొరకక నష్టపోయేది ఎక్కువగా మైనారిటీలేనని విన్నాక ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కానీ లిఫ్టులో మూడు మతాలవాళ్లు కలిసి వానను తిట్టుకుంటూ పైకి వెళ్లడం కూడా నేను చూశాను.

ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాకు వెళ్లాలి. మామూలు రోజుల్లో వెళ్తే మల్లెపూల దండలు, వీరమాకాళి అమ్మన్ గుడి, ముస్తఫా సెంటర్ చూసి వస్తారు. ఆదివారమైతే మనుషుల్ని చూస్తారు. మనుషులు చాలరని అన్నాను కదా, ఆ లోటు తీర్చడానికి బయటి దేశాల నుంచి వచ్చిన వేలమంది మగవాళ్లు, వారంలో ఒకే సెలవు రోజున, పచ్చిక మీద, మెట్ల మీద, పేవ్‌మెంటు అంచున కూర్చుని ఉంటారు. తమిళం, బెంగాలీ, మధ్యమధ్య తెలుగు. వీడియో కాల్‌లో ఇంట్లో పసిపిల్లకు ముద్దులు పెట్టేవాళ్లు, డబ్బు పంపే కొట్టు ముందు లైన్లో నిలబడ్డవాళ్లు.

ఒక కుర్రాడు నా ఫోన్ మాటలు విని, "తెలుగా అన్నా?" అని పలకరించాడు. సైట్లో ఇనుప కడ్డీలు కట్టే పని. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరేసరికే మొదటి కాంట్రాక్టు అయిపోయిందట. ఓవర్‌టైమ్ ఉంటే నాలుగు డబ్బులు, లేకపోతే లేవు. నేను ఈ అంశం మీదే మాట్లాడాల్సి ఉంది కదా, అతన్నీ అడిగాను, "ఈ ఊరు మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించింది తమ్ముడూ?" అని. అతను కాస్త ఆలోచించి, "పొద్దున అయిదింటికి లారీ ఎక్కిచ్చారన్నా. వెనక కూర్చుంటాం కదా, వచ్చే బిల్డింగు కనపడదు. దాటిపోయిందే కనపడుద్ది. ఏది చూసినా అయ్యో పోయిందే అనిపిచ్చేది" అని నవ్వాడు. నేను నిద్రగన్నేరు చెట్ల కింద ట్యాక్సీలో ముందుకు చూస్తూ వచ్చిన ఊరిని అతను వెనక్కి చూస్తూ కలుసుకున్నాడు.

సరుకుల లారీ వెనక మామూలుగా మనుషుల్ని ఎక్కించకూడదని అక్కడ చట్టం ఉంది. పనివాళ్లను పనికి తీసుకెళ్లడానికి మాత్రం మినహాయింపు ఉంది. దీన్ని తీసేయాలని పార్లమెంటులో అడిగారు, చిన్న కంపెనీలు తట్టుకోలేవని ప్రభుత్వం జవాబిచ్చింది. 2013 డిసెంబర్ 8న ఇదే లిటిల్ ఇండియాలో ఒక బస్సు కింద పడి తమిళ కార్మికుడు చనిపోయాడు, ఆ రాత్రి అల్లర్లు జరిగాయి. తర్వాత వచ్చిన మార్పుల్లో ప్రధానమైనది మద్యం మీద ఆంక్షలు. 2020లో కరోనా వచ్చినప్పుడు కిక్కిరిసిన డార్మిటరీల్లో ఉన్న మూడు లక్షల పైచిలుకు కార్మికుల్లో ఆ ఏడాది చివరికి దాదాపు సగం మందికి సోకిందని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. ఊరు మామూలైపోయిన చాలాకాలం దాకా వాళ్లు బయటికి రాలేదు. వాన చుక్క ఎక్కడ పడి ఎక్కడికి పోతుందో దశాబ్దాల ముందే లెక్కవేసిన ఊరు ఇది. ఒకే గదిలో ఎంతమంది పడుకుంటున్నారో లెక్క వేయలేకపోయిందంటే నేను నమ్మను. అవసరం అనిపించలేదంతే.

ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. ఊరి మధ్యలో సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది, తెల్లటి తెలుపు. 1856లో శంకుస్థాపన చేశారు, కట్టినవాళ్లు ఇండియా నుంచి శిక్ష మీద తెచ్చిన ఖైదీలు. లోపలి గోడల పూత దగ్గరగా చూడండి. గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి గుజ్జులా చేసి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి ఆ పూత పూశారు. మద్రాసు సున్నం అంటారు. ఆరాక స్ఫటికం రాళ్లతో అద్దంలా మెరిసేదాకా రుద్దారు. అంటే ఆ ఊరికి మొట్టమొదటి మెరుపు పెట్టింది మన ఖైదీల చేతులు. వాళ్ల పేర్లు గోడ మీద లేవు. దానికెదురుగా ఉన్న పడాంగ్ మైదానంలోనే 1943 జులైలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులనుద్దేశించి మాట్లాడారు. చర్చి నుంచి నడిచి వెళ్లొచ్చు.

ఇలాంటివన్నీ అక్కడే, నలుగురిలో, గట్టిగా మాట్లాడుకోవచ్చా అంటే, దానికీ ఒక స్థలం కేటాయించారు. హాంగ్ లిమ్ పార్క్‌లో 2000 సంవత్సరంలో స్పీకర్స్ కార్నర్ పెట్టారు. పౌరులు పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు, మతం గురించి మాత్రం కాదు. నేను వెళ్లినప్పుడు ఖాళీగా ఉంది, ఒకాయన ఫ్లాస్కు పక్కన పెట్టుకుని పేపర్ చదువుకుంటున్నాడు. నాలాంటి విదేశీయులకు ఆ అవకాశం లేదు కాబట్టి ఈ ఉపన్యాసం ఇక్కడ ఇస్తున్నాను.

చివరగా ఒక్క సంగతి. ఈసారి వెళ్లేవాళ్లు వచ్చేటప్పుడు ఈస్ట్ కోస్ట్ దగ్గర దిగి సముద్రం వైపు ఒకసారి చూడండి. ఒడ్డుకు కాస్త దూరంలో లాంగ్ ఐలాండ్ పేరుతో 800 హెక్టార్ల కొత్త నేల పూడ్చాలని 2023 నవంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. మెరీనా బేకి రెండింతలు. సముద్రమట్టం పెరుగుతోంది, తూర్పు తీరం పల్లం, కాబట్టి గోడ కావాలి. గోడ ఎలాగూ కట్టాలి కాబట్టి దాన్ని నేలగా చేస్తే ఇళ్లు కట్టుకోవచ్చు. కొత్త నేలకూ పాత ఒడ్డుకూ మధ్య చిక్కిన నీటిని మంచినీటి రిజర్వాయర్‌గా మార్చుకోవచ్చు. జొహోర్ ఒప్పందం 2061లో అయిపోతుందని ఇందాక చెప్పాను కదా. పూడ్చడానికి ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది, పొద్దున అయిదింటికి లారీ ఎవరు ఎక్కుతారు అన్న ప్రశ్నలు మాత్రం ఆ ప్రణాళికల్లోని అందమైన బొమ్మల్లో నాకు కనిపించలేదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి. యూనివర్సల్ స్టూడియోస్ గురించి అడిగినా పరవాలేదు.